కృష్ణమ్మ ఆఖరి మాట మానుకున్న నలభై రోజులు

పాతబస్తీలో ఛత్రినాక వెనకాల గల్లీల్లో కృష్ణమ్మతో మాటకు మాట పెట్టుకుని గెలిచిన మనిషి లేడు. గెలిచామని అనుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు గాని, వాళ్లు ఇంటికి చేరి చెప్పులు విడిచేలోగా ఆమె వెనకాలే వచ్చి, గుమ్మం ముందు నిలబడి, మిగిలిన ఆ ఒక్క మాటా అనేసి వెళ్లేది. సర్కారు బడిలో ఆయమ్మగా పాతికేళ్లు చేసింది. ఆ పాతికేళ్లలో ఆరుగురు హెడ్మాస్టర్లు మారారు. ఆరుగురూ బదిలీ ఆర్డరు చేతికొచ్చిన రోజున ఆమెకు స్వయంగా స్వీటు పెట్టి వెళ్లినవాళ్లే.

ఆమెది పెద్ద గొంతేం కాదు. బూతులు అసలే తిట్టదు. ఎదుటివాళ్లు ఏదంటే దాని మీద ఇంకొకటి అంటుంది, అంతే. "సరే తల్లీ, నీదే కరెక్టు" అని చేతులు జోడించినా వదలదు. "నాది కరెక్టని నువ్వు చెప్పుడేంది?" అంటుంది.

భర్త ఆగయ్య నీళ్ల బోర్డులో లైన్‌మన్. తెల్లవారుజామున పొడుగాటి ఇనుప చావి భుజాన వేసుకుని పోయి, రోడ్డు మధ్యలో మూత ఎత్తి, వాల్వు తిప్పి, గల్లీలకు నల్లా నీళ్లు విడవడం ఆయన పని. ఆయన చెయ్యి తిరిగితే రెండు వేల ఇళ్లలో బిందెలు నిండేవి. సొంత ఇంట్లో మాత్రం ఆయన మొదలుపెట్టిన వాక్యం ఒక్కటి కూడా ముప్పై రెండేళ్లలో చివరిదాకా పోలేదు. "కిష్టమ్మా, నేనేమంటున్ననంటే..." అనేవాడు. ఆయన ఏమంటున్నాడో ఆమె చెప్పేసేది. అది ఎందుకు తప్పో కూడా ఆమే చెప్పేసేది. ఆగయ్య తువ్వాలు దులుపుకుని బయటికి నడిచేవాడు.

కాలనీ చివర రేకుల కప్పు చర్చిలో కృష్ణమ్మ స్త్రీల సమాజానికి కార్యదర్శి. మైకు బీరువా తాళాలు ఆమె బొడ్లోనే ఉండేవి. బాప్తిస్మం నాడు ఆమెకు మరియమ్మ అని పేరు పెట్టారు గాని, ఆ పేరు సర్టిఫికెట్టులోనే ఉండిపోయింది. ఛత్రినాకలో మరియమ్మ ఎవరంటే పోస్టుమాన్ కూడా చెప్పలేడు.

ఆ ఏడు ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు మొదలయ్యాయి. పాస్టర్ వెస్లీకి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. మొదటి సాయంత్రమే ఆయన తనను తాను ఉపేక్షించుకోవడం గురించి ప్రసంగం చేశాడు. చేసి ఊరుకుంటే బాగుండేది. "ఒక్కొక్కరు లేచి, ఈ నలభై రోజులు దేవునికి ఏమిస్తరో చెప్పండి. మీకు బాగా ఇష్టమైంది ఇయ్యాలె" అన్నాడు.

జనం లేచారు. స్త్రీల సమాజం అధ్యక్షురాలు శారదాంబగారు, రాజమండ్రి వైపు నుంచి వచ్చి సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి, రాత్రి ఎనిమిదింటి సీరియల్ మానేస్తానన్నారు. ఆ సీరియల్ అంతకు ముందు శుక్రవారమే అయిపోయిందని ఆడవాళ్లందరికీ తెలుసు. కీబోర్డు వాయించే అభిషేక్ ఫోన్‌లో ఫోటోలు పెట్టడం మానేస్తానన్నాడు. మానేస్తున్నానని చెప్పే ఫోటో ఒకటి రెండో పాట అయ్యేలోగా పెట్టేశాడు. కృష్ణమ్మ కోడలు స్వీటీ లేచి కాకరకాయ మానేస్తానంది.

"ఇష్టమైంది ఇయ్యాలమ్మా" అన్నాడు పాస్టర్.

"మా అత్తమ్మకు మస్తు ఇష్టమయ్యగారూ" అంది స్వీటీ.

అప్పుడు కృష్ణమ్మ లేచి, చాయ్ బంద్ చేస్తున్నానని ప్రకటించింది.

"గ్యాస్ అని పోయిన నెలనే డాక్టరు బంద్ చెయ్యమన్నడు గదా" అని స్వీటీ గొణిగింది. మెల్లగానే గొణిగింది గాని, మైకు దగ్గరలో ఉంది.

పాస్టర్ నవ్వాడు. "డాక్టరు గుంజుకున్నది దేవునికి ఇస్తరా అమ్మా?"

"డాక్టరు చెప్పినా నేను ఇయ్యాలటిదాక బంద్ చెయ్యలే. గిప్పుడు చేస్తున్న. మరి అది దేవునికి ఇచ్చినట్టే గదా?"

"అది మీ ఆరోగ్యం కోసమమ్మా."

"ఆరోగ్యం ఎవరిచ్చిండ్రు? దేవుడే గదా?"

"అది నిజమే, కాని..."

"నిజమైనంక ఇంక కాని ఏందయ్యగారూ?"

ఇలా ఎంతసేపు నడిచిందో ఎవరూ లెక్కపెట్టలేదు. అభిషేక్ కీబోర్డు స్విచ్చి తీసేశాడు. ముందు వరసలో ఒక ముసలాయన నిద్రపోయి లేచాడు. పాస్టర్ జేబురుమాలుతో మెడ తుడుచుకుని, చివరికి రెండు చేతులూ ఎత్తేశాడు.

"అమ్మా, చాయ్ తాగండి. దినాం నాలుగు తాగండి. మీ చాయ్ నాకొద్దు, దేవునికీ వద్దు. నిజంగ ఇయ్యాలని ఉంటే, ఇప్పుడు మీ నోట్లె సిద్ధంగ ఉన్నది చూడండి, ఆ ఆఖరి మాట, అది ఇయ్యండి."

కృష్ణమ్మ నోరు తెరిచింది. జవాబు ఉంది. మంచి జవాబే. అది అనేస్తే పాస్టర్ ఆ రోజుకు ఇంక లేవడు. కాని అన్నదంటే, ఇవ్వమన్నది ఇవ్వలేకపోయిందని ఎనభై మంది ముందు తేలిపోతుంది. అనకపోతే పాస్టర్ గెలిచినట్టు. రెండు వైపులా దారి మూసి ఉంది. తెరిచిన నోరు అలాగే కొంచెంసేపు ఉంచి, మూసుకుని, కూర్చుంది.

చర్చిలో ఫ్యాన్ల చప్పుడు మొదటిసారి వినిపించింది. మగవాళ్ల వైపు నుంచి ఆగయ్య కంగారుగా లేచి నిలబడ్డాడు, భార్యకు ఏమన్నా అయిందేమోనని.

ఇంటికి వెళ్లేలోగా కృష్ణమ్మ తనకు తాను షరతులు పెట్టుకుంది. మాట్లాడొచ్చు. అడిగినదానికి చెప్పొచ్చు. తన అభిప్రాయం ఒకసారి చెప్పొచ్చు. కాని ఎదుటి మనిషి దాని మీద ఇంకొకటి అంటే, అక్కడితో ఆపెయ్యాలి. ఇదెంత, అనుకుంది.

మర్నాడు పొద్దున్నే పక్కింటి ఎల్లమ్మ బకెట్టుతో వచ్చి నిలబడింది. ఈ రెండు ఇళ్లకు బట్టల నీళ్ల మీద ఇరవై ఏళ్ల తగాదా.

"కిష్టమ్మక్కా, మీ సబ్బు నీళ్లు మళ్ల మా కడప ముందలికి వస్తున్నయి."

"గల్లీ వంపే గట్లున్నది."

"వంపు గల్లీల లేదు, నీ బుద్ధిల ఉన్నది."

కృష్ణమ్మ నిలబడిపోయింది. నాలుక అంచున ఏదో కదిలింది. దాన్ని పళ్లతో నొక్కి పట్టి, వంగి, బట్టలు పిండుకోవడం మొదలుపెట్టింది. ఎల్లమ్మ బకెట్టు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ కాసేపు ఎదురుచూసింది. ఏమీ రాలేదు. సాయంత్రం గిన్నెలో మిరియాల చారు తెచ్చి, "పాణం బాగలేదా అక్కా?" అని అడిగింది.

నాలుగో రోజున స్వీటీ దగ్గర అసలు సంగతి తెలుసుకుంది ఎల్లమ్మ. ఐదో రోజు నుంచి ఇంక ఆమెకు పండగే. పొద్దున నీళ్లు పట్టేటప్పుడు ఒకటి, మధ్యాహ్నం బియ్యం ఏరుకుంటూ ఒకటి, ఇరవై ఏళ్లుగా మిగిలిపోయినవన్నీ అనేసి, కృష్ణమ్మ మొహం వంక చూసి, ఆనందంగా లోపలికి పోయేది. కృష్ణమ్మ కొంగున లవంగాలు కట్టుకుంది. నోట్లో మాట పుట్టినప్పుడల్లా ఒక లవంగం కొరికేది. వారం తిరిగేసరికి నాలుక మొద్దుబారి, కూరలో ఉప్పు తెలియడం మానేసింది.

పదో రోజున ఆమెకు ఒక దారి దొరికింది. మనుషులకు జవాబు చెప్పనని ఒప్పుకుంది గాని, దేవుడితో మాట్లాడనని చెప్పలేదు కదా. సాయంత్రం అరుగు మీద మోకరించి, ఎల్లమ్మ కిటికీ వైపు తిరిగి, గొంతెత్తి ప్రార్థన చేసింది.

"పరలోకమందున్న తండ్రీ, మా పక్కింటి ఎల్లమ్మను జ్ఞాపకం చేసుకో. ఆమె కోడలు ఎందుకు పుట్టింటికి పోయిందో మాకు తెల్వదు, నీకు తెలుసు. ఆమె మనుమని తొట్టెల ఫంక్షన్ల బగార అన్నం ఎందుకు మాడిందో నీకు తెలుసు. మా నీళ్లు వంపుకు పోతున్నయని కూడ నీకు తెలుసు. ఆమెకు తెలివిని ఇయ్యి తండ్రీ. ఆమెన్."

అలా మూడు సాయంత్రాలు నడిచింది. దేవుడికి ఎదురు మాట్లాడటం ఎల్లమ్మకు కుదరలేదు. నాలుగో రోజు తిన్నగా చర్చికి పోయి పాస్టర్‌ని నిలదీసింది. "అయ్యా, కొట్లాడుకుంటే మేం ఆడోళ్లం కొట్లాడుకుంటం. నడుమల మీ దేవున్ని తెచ్చుడేంది? ఆయనకు నేనేం చేసిన? మొన్న మీ క్రిస్మస్‌కు స్టార్ కట్టెతందుకు నిచ్చెన నేనే ఇచ్చిన!"

పాస్టర్ వెస్లీ బండేసుకుని కృష్ణమ్మ ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, ప్రార్థన చివర మీరు ఆమెన్ అంటున్నరు గదా, అది కూడ ఆఖరి మాటనే" అని చెప్పి, ఆమె ఏదన్నా అనేలోగా బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

దాంతో కృష్ణమ్మ పూర్తిగా చిక్కుపడింది. స్వీటీ ఫ్రిజ్ తీసుకుపోయి హాల్లో పెట్టింది. కిటికీలకు నిమ్మపండు రంగు తెరలు వేసింది. కృష్ణమ్మ ఒకసారి "ఇదేం రంగు?" అంది. "బాగుంటది అత్తమ్మా, ఎల్తురుంటది" అంది స్వీటీ. అయిపోయింది. తెరలు ఉండిపోయాయి. రెండు రోజుల తరవాత చూస్తే నిజంగానే వంటింట్లో వెలుతురు పెరిగింది. అది కృష్ణమ్మకు ఇంకా మంటగా ఉంది.

లోపల మాత్రం ఒక తియ్యని సంగతి దాచుకుంది. చర్చిలో ఎనభై మంది ఉంటే నిజంగా ఇచ్చినది తానొక్కతే. ఈస్టరు నాడు సాక్ష్యం చెప్పమంటారు. ఏ చీర కట్టుకుని చెప్పాలో, ఎక్కడ ఆగి కళ్లు తుడుచుకోవాలో కూడా అనుకుని పెట్టుకుంది.

ఆగయ్య సంగతి ఆమె లెక్కలో లేదు.

మొదటి రోజు ఆయన అలవాటుగా, "కిష్టమ్మా, నేనేమంటున్ననంటే..." అని ఆగాడు. ఆమె ఆయన వంక చూస్తూ కూర్చుంది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఎవరన్నా వచ్చారేమోనని. ఎవరూ లేరు. "ఏమంటున్ననంటే..." అని మళ్లీ ఆగాడు. ముప్పై రెండేళ్లుగా ఆ మిగతా సగం అవసరం పడలేదు కాబట్టి ఆయన దగ్గర అది తయారుగా లేదు. తువ్వాలు తీసుకుని బయటికి పోయాడు.

మూడో రోజు తయారై వచ్చాడు. "పప్పుల జర పులుపు ఎక్కువైంది" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. ఆగయ్య ఆ రోజంతా మెడలో దండ పడ్డవాడిలా ఇంట్లో తిరిగాడు.

తరవాత రోజురోజుకూ ఒక్కొక్కటి బయటపడింది. నీలం చొక్కా ఆయనకు ఇష్టం లేదు. ఆమె తమ్ముడు పేకాటలో దొంగాట ఆడతాడు. రోడ్డు కింద పాత పైపుల్లో నీళ్లు వచ్చే ముందు గాలి తోసుకొస్తుంది, ఆ చప్పుడు ఒక్కో గల్లీలో ఒక్కోలా ఉంటుంది, కళ్లు మూసుకుని విన్నా ఏ గల్లీయో ఆయన చెప్పగలడు. కృష్ణమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ వింటూ ఉండేది. ఆ చప్పుళ్లు ఆయన నోటితో చేసి చూపిస్తే ఒకసారి నవ్వొచ్చింది. ఈ మనిషిలో ఇన్ని మాటలున్నాయా అని ఆశ్చర్యపడింది. ఆ ఆశ్చర్యం ఆమెకు అంత బాగా అనిపించలేదు. ఇన్నాళ్లూ ఏమయ్యాయి ఇవన్నీ?

ఇరవయ్యో రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె గోడ మీది ఫోటోల దుమ్ము తుడుస్తోంది. ఆగయ్య బాప్తిస్మం సర్టిఫికెట్టు అద్దం కట్టించి ఉంది, పెళ్లి ఫోటో పక్కన. ఆయన మంచం మీద కూర్చుని దానివంకే చూస్తున్నాడు.

"కిష్టమ్మా. అది నాది గాదు."

"నీ పేరే ఉన్నది గదా."

"పేరు నాదే. బాప్తిస్మం నాది గాదు."

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆగయ్య చెప్పడం మొదలుపెట్టాడు. ముప్పై రెండేళ్ల కింద, మునిగి బాప్తిస్మం తీసుకుంటేనే లగ్గం అని ఆమె తెగేసి చెప్పింది కదా. జల్‌పల్లి చెరువు దగ్గర తెల్లబట్టలేసుకుని పన్నెండు మంది వరసలో నిలబడ్డారు. ఆయనది తొమ్మిదో నంబరు. అప్పటి ముసలి పాస్టరుగారు కళ్లద్దాలు తీసి ఎవరికో ఇచ్చి నీళ్లలోకి దిగారు. ఆ అద్దాలు లేకపోతే ఆయనకు మనిషికీ గట్టుకూ తేడా తెలియదు.

"ఎనిమిదోడు మునిగి లేసినంక వానికి దగ్గొచ్చింది. ముక్కుల నుంచి నీళ్లు. నాకు కాళ్లు ఆడలే. తుమ్మచెట్ల ఎనకకు పోయి, చెంబుతోటి నెత్తి మీద నీళ్లు పోసుకున్న. అంగీ తడుపుకున్న. తడిసినోళ్ల లైన్ల నిలబడ్డ. అయ్యగారు అందరి నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిండు. నాకైతే ఇంత పొడుగు ప్రార్థన చేసిండు."

"నీళ్ల బోర్డుల పని చేస్తవు గదయ్యా నువ్వు!"

"నీళ్లు పైపుల ఉంటే నాకేం ఫికర్ లేదు. నేను నీళ్లల్ల ఉంటెనే." ఆయన తువ్వాలు అంచు పీకుతూ కూర్చున్నాడు. "నీకు చెప్పాలని మస్తుసార్లు మొదలుపెట్టిన."

అదే ఆఖరి మాట. ఆయనది.

నల్లా వచ్చే వేళకు బిందెలు బారులు తీరినట్టు కృష్ణమ్మ గొంతులో మాటలు బారులు తీరాయి. ముప్పై రెండేళ్లు ప్రతి నెలా ప్రభుభోజనం బల్ల దగ్గర రొట్టె తీసుకున్నావే! మన పెళ్లే అబద్ధం మీద అయిందా! కొత్తగా వచ్చినవాళ్లను, బాప్తిస్మం లేకపోతే బల్ల దగ్గరికి రావొద్దని ఆపింది నేనే కదా, పక్కన నువ్వు నిలబడి నమలుతుంటే! ఒక్కొక్కటీ పదునుగా ఉంది. ఏ ఒక్కటి అన్నా ఆగయ్య మళ్లీ ముప్పై రెండేళ్లు నోరు తెరవడు. అది ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. గుడ్డ కింద పడేసి, చెప్పులు వేసుకుని, బయటికి నడిచింది.

పాస్టర్ వెస్లీ అప్పుడే అన్నానికి కూర్చున్నాడు. ఆమె నిలబడే అంతా చెప్పింది. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ముప్పై రెండేండ్లా?"

"మీరు పుట్టకముందు నుంచి అయ్యగారూ. ఇయ్యాలనే గుంజుకొస్త. బాప్తిస్మం తొట్టి నింపుండ్రి. ముంచుండ్రి."

పాస్టర్ ముద్ద కంచంలో వదిలేశాడు. "గుంజితే వస్తడమ్మా" అన్నాడు చివరికి. "మొదటిసారి గూడ గట్లనే వచ్చిండు గదా."

ఈసారి కృష్ణమ్మ లవంగం వెతుక్కోలేదు.

"మరి నేనేం చెయ్యాలె?" అంది.

"నాకు తెల్వదమ్మా" అన్నాడు పాస్టర్. బైబిల్ కాలేజీలో ఇలాంటిది నేర్పలేదని కూడా ఒప్పుకున్నాడు. ఆయన మీద ఆమెకు మొదటిసారి కొంచెం గౌరవం కలిగింది.

ఇంటికొచ్చేసరికి ఆగయ్య అదే మంచం మీద, అదే అంచు పీకుతూ ఉన్నాడు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. ఎప్పుడూ అడగనిది ఒకటి అడిగింది. "నువ్వేమనుకుంటున్నవయ్యా?"

ఆయన తడబడ్డాడు. "నాకు యేసయ్య అంటే ఇష్టమే కిష్టమ్మా. దినాం తెల్లారి వాల్వు కాడ ఆయనతోటే మాట్లాడుత. అబద్ధం గాదు అది. నీళ్లంటేనే..." ఆగాడు. ఆమె ఆగింది. "నన్ను జర ఆలోచించుకోనియ్యి" అన్నాడు.

ఎన్ని రోజులు అని అడగబోయి, మింగేసింది.

తరవాతి ఆదివారం ప్రభుభోజనం. రొట్టె పళ్లెం మగవాళ్ల వరసలో ఆగయ్య దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని అందుకుని, అలాగే పక్కాయనకు ఇచ్చేశాడు. ద్రాక్షరసం గిన్నెల పళ్లెమూ అంతే. చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నవాళ్లందరూ చూశారు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గరే శారదాంబగారు ఆపారు. చుట్టూ సమాజం ఆడవాళ్లు చేరారు.

"ఏమ్మా కృష్ణమ్మా, ఆగయ్యగారు ఇవాళ బల్ల తీసుకోలేదేంటి? ఏదన్నా పాపంలో పడ్డారా?"

"ఆయన్నే అడుగుండ్రమ్మా."

"ఆయన్నెందుకు, నిన్నడుగుతున్నాను. పెద్ద కార్యదర్శివి, ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ సరిదిద్దుతావు. ముందు నీ ఇల్లు చక్కబెట్టుకోవద్దూ? సంగతి తేలేదాకా ఆ మైకు బీరువా తాళాలు నాకు ఇచ్చేయ్."

శారదాంబగారి భర్త క్రిస్మస్‌కు తప్ప చర్చి మెట్లెక్కడని అందరికీ తెలుసు. ఎక్కిన ఆ ఒక్క రోజూ కేకు కోసమేనని కూడా తెలుసు. ఆ ఒక్క మాట అంటే చాలు. ఆడవాళ్లందరూ దాని కోసమే ఎదురుచూస్తున్నారు. ఒకామె నవ్వడానికి కొంగు నోటి దాకా తెచ్చుకుంది కూడా. కృష్ణమ్మ బొడ్లో నుంచి తాళాలు తీసి శారదాంబగారి చేతిలో పెట్టింది.

గొప్పగా ఏమీ అనిపించలేదు. చల్లగా, శాంతిగా ఉంటుందని పాటల్లో పాడతారు, అలాంటిదేమీ రాలేదు. ఓడిపోయినట్టే ఉంది. ఈస్టరు నాడు చెప్పాలనుకున్న సాక్ష్యం గుర్తొచ్చి, ఒళ్లంతా సిగ్గు పాకింది. దీని గురించి ఎవరికీ ఏమీ చెప్పకూడదనుకుంది.

దారిలో ఆగయ్య ఆమె చేతిసంచి తీసుకుని మోశాడు. "నా వల్ల నీకు..." అన్నాడు. మిగతాది చెప్పలేకపోయాడు. ఆమెకు ఆ మిగతాది తెలుసు, అయినా చెప్పలేదు. ఇద్దరూ ఎండలో పక్కపక్కనే నడిచారు.

ఆ తరవాత రెండు వారాలు ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. ఇల్లు ఊడ్చేటప్పుడు గోడ మీది సర్టిఫికెట్టు వంక చూడకుండా ఊడ్చింది. ఆగయ్య డ్యూటీకి పోతున్నాడు, వస్తున్నాడు, పైపుల కబుర్లు చెబుతున్నాడు, ఆ ఒక్కటి తప్ప అన్నీ చెబుతున్నాడు. వడ్డించిన విస్తరి ముందు ఉపవాసం ఉన్నట్టుంది ఆమెకు.

ఈస్టరు ముందు శనివారం చర్చి కడగడానికి వెళ్లింది. తాళాలు లేకపోయినా చీపురు ఉంది కదా. లోపల స్టేజి మీది చెక్క పలకలన్నీ తీసి గోడకు ఆనించి ఉన్నాయి. కింద బాప్తిస్మపు తొట్టి నాలుగేళ్లుగా వాడక, విరిగిన కుర్చీలకూ క్రిస్మస్ స్టార్‌కూ గోదాములా ఉండేది. ఇప్పుడు ఖాళీగా, శుభ్రంగా ఉంది. దాని అడుగున ఆగయ్య పానా పట్టుకుని కూర్చుని తుప్పుపట్టిన వాల్వు బిగిస్తున్నాడు. గట్టు మీద పాస్టర్ వెస్లీ గొంతుక్కూర్చుని ఉన్నాడు. బేరం నడుస్తోంది.

"మోకాళ్లదాక పోస్తే చాలదా అయ్యగారూ?"

"చాలదు."

"పోనీ నడుందాక. నేనే కూసుంట, మునిగినట్టే గదా?"

"ఛాతిదాక ఉండాలె. నేను పట్టుకుంట గదా ఆగయ్యన్నా."

"మీరు పట్టుకుంటరు సరే. మిమ్ములనెవరు పట్టుకుంటరు?" ఆగయ్య సుద్దముక్కతో గోడ మీద, పొట్టకు కొంచెం పైన, గీత గీశాడు. "ఇగో, ఇంతకు ఒక్క చుక్క ఎక్కువైనా నేను దిగ." అప్పుడు తల ఎత్తి గుమ్మంలో భార్యను చూశాడు. మొహం గంభీరంగా పెట్టుకుని, "కిష్టమ్మా, ఎవలు చెప్తే రాలే. నేనే వచ్చిన" అన్నాడు.

ఆమె తల ఊపి, చీపురు తీసుకుని వెనక వరసల నుంచి ఊడ్చుకుంటూ వచ్చింది. కళ్లలో ఏదో పడ్డట్టు రెండుసార్లు కొంగుతో తుడుచుకుంది.

ఈస్టరు నాడు సూర్యుడు రాకముందే చర్చి నిండిపోయింది. ఆగయ్య తెల్ల పైజామా, తెల్ల లాల్చీ వేసుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ తొట్టిలోకి దిగాడు. నీళ్లు సరిగ్గా సుద్ద గీత దగ్గర ఉన్నాయి. ఆయనే తెల్లవారుజామున వచ్చి నింపాడు. పాస్టర్ వెస్లీ తెల్ల అంగీలో పక్కన నిలబడి, ఇది ఆగయ్యగారి రెండో బాప్తిస్మం కాదు, మొదటిదే అని సంఘానికి చెప్పి, కారణం కూడా నాలుగు ముక్కల్లో చెప్పాడు. జనంలో గుసగుస లేచింది. శారదాంబగారు చేతిలో తాళాలు గలగలలాడించారు.

పాస్టర్ ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టి ఆగయ్యను వెనక్కి వంచాడు. నీళ్లు చెవులకు తగలగానే ఆగయ్య రెండు చేతులతో పాస్టర్ మెడ గట్టిగా వాటేసుకున్నాడు. వాల్వులు తిప్పిన చేతులవి. ఇద్దరూ కలిసే మునిగారు.

నీళ్లు గట్టు దాటి ముందు వరస కాళ్ల దాకా వచ్చాయి. పాట ఎత్తుకోవాలో, తొట్టిలోకి దూకాలో ఎవరికీ తెలియలేదు. అభిషేక్ మాత్రం కీబోర్డు మీద ఒకే మీట నొక్కి పట్టుకుని ఉండిపోయాడు.

"ముక్కు మూసుకోవయ్యో!" అని కృష్ణమ్మ అరిచిన అరుపు గల్లీ చివర ఎల్లమ్మ ఇంటి దాకా వినిపించిందట.

ముందు ఆగయ్యే లేచాడు. కళ్లు తెరిచి, చుట్టూ చూసి, తాను బతికే ఉన్నానని తెలుసుకుని, వంగి పాస్టర్‌ని చంకల కింద చేతులేసి పైకి లేపాడు. పాస్టర్ దగ్గుతుంటే వీపు నిమిరాడు. "భయపడకుండ్రి అయ్యగారూ, ఏం గాదు. నీళ్లే" అన్నాడు. చర్చి అంతా ఒక్కసారి గొల్లుమంది. ఆ తరవాత పాట దానంతట అదే లేచింది.

ఆ రోజు బల్ల దగ్గర ఆగయ్య జుట్టు నుంచి నీళ్లు కారుతూనే రొట్టె తీసుకున్నాడు. నమలడం చాలాసేపు పట్టింది.

ఆరాధన ముగిశాక ఆయన తెల్లవారుజామున వేసుకొచ్చిన స్కూటర్ ఇంటి వైపు కాకుండా చార్మినార్ వైపు తిప్పాడు. వెనక కూర్చున్న కృష్ణమ్మ ఎక్కడికని అడగలేదు. నీళ్ల లోపల ఎలా ఉందో ఆయన దారంతా చెబుతూనే ఉన్నాడు. లోపల చప్పుడు ఉండదట, పైపుల్లో లాగా కాదట. ఒక సందు మొదట్లో హోటల్ ముందు ఆపాడు. పెద్ద గిన్నెల్లో నిహారీ, మాంసం పులుసు, ఉడుకుతోంది. గల్లా దగ్గర కూర్చున్న ముసలాయన ఆగయ్యను చూసి, "ఆవ్ మియా, ఆజ్ లేట్ హో గయా?" అని, ఇవాళ ఆలస్యమైందేమని రోజూ చూసే మనిషిని అడిగినట్టు పలకరించాడు.

కృష్ణమ్మ మొగుడి వంక చూసింది.

"డ్యూటీ అయినంక దినాం ఈడనే తింట" అన్నాడు ఆగయ్య నెమ్మదిగా. "ఇరవై ఏండ్లయింది. ఇంటికొచ్చి మళ్ల నీ ఉప్మా తింటున్న."

రెండు నిహారీలు, నాలుగు కుల్చా రొట్టెలు వచ్చాయి. కృష్ణమ్మ ఒక ముక్క తుంచి, ముంచి, నోట్లో పెట్టుకుంది. ఇంకో ముక్క తుంచింది. అది కూడా అయ్యాక అడిగింది.

"ఇంకేమన్నా ఉన్నదా నాకు చెప్పేది?"

ఆగయ్య ఆలోచించాడు. "ఉన్నది" అన్నాడు. "తిన్నంక చెప్త."

ఆమె తన గిన్నెలో ఉన్న మెత్తటి మాంసం ముక్క చూసి తీసి ఆయన గిన్నెలో వేసి, ఇంకో కుల్చా తెమ్మని కుర్రాడి కోసం చెయ్యి ఎత్తింది.